డెలిరేట్ : ఒక క్రియాపద చరిత్ర

ఆంగ్ల నిఘంటువులందు నిలిచియుండియు వ్యవహారమున దాదాపుగా లోపించిన క్రియాపదములలో ‘డెలిరేట్’ ఒకటి. మతి చలించి ప్రలపించుట దీని యర్థము. లాటిన్ భాషలోని ‘డెలిరారే’ దీనికి మూలము. దీని సోదరపదమగు ‘డెలిరియమ్’ మాత్రము వైద్యశాస్త్రము నాశ్రయించి నేటికిని జీవించియున్నది. 1813లో ఆంగ్ల వైద్యుడు థామస్ సట్టన్ మద్యపానమునకు సంబంధించిన యొక వ్యాధికి ‘డెలిరియమ్ ట్రెమెన్స్’ అని పేరిడినాడు.

‘డె’ యనునది తొలగుటను దెలుపు ఉపసర్గ; ‘లిరా’ సేద్యమునకు సంబంధించిన పదము. నిఘంటుకారులు తరచుగా ‘లిరా’ యనగా నాగటిచాలనియు, చాలు తప్పి దున్నుటయే మతి తప్పుటకు సంకేతమైనదనియు వివరింతురు. ఈ వివరణము మనోహరమైనదే కాని, ప్రాచీన గ్రంథకర్తల మాటలతో సరిపోల్చి చూడవలసియున్నది.

క్రీ. శ. 1వ శతాబ్దికి చెందిన కొలుమెల్లా తన కృషిగ్రంథమున, ఎడముగా నున్న రెండు చాళ్ల నడుమ ధాన్యమునకు పొడినేల నొసగు మిట్టను కర్షకులు ‘లిరా’ యందురని చెప్పినాడు. కనుక ఆయన యెరిగిన లిరా చాలు కాదు. మన రైతులు బోదె యనునట్టిది. క్రీ. శ. 79లో మరణించిన ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ 18వ భాగమున, నాగటికి పలక గట్టి విత్తులను మట్టితో గప్పుటకు ‘లిరారే’ యని పేరనియు, అట్లు కప్పకుండుటయే మొదట ‘డెలిరాతియో’ యనబడెననియు వ్రాసినాడు. వంకరగా దున్నుటకు ఆ సందర్భముననే ఆయన వాడిన క్రియ వేరు, అది ‘ప్రెవారికారీ’. న్యాయస్థానమందలి కపటవర్తనమునకు ఆ మాట పొలమునుండియే వచ్చెనని కూడ ఆయన తెలిపినాడు. ఆంగ్లమున ‘ప్రివారికేట్’ దానినుండి కలిగినదే.

అయినను ప్లినీ మాటయే తుదినిర్ణయము కాజాలదు. ఆయనకు దాదాపు రెండున్నర శతాబ్దులకు పూర్వమే ప్లౌటస్ నాటకములందు ‘డెలిరారే’ మతి తప్పుట యను నర్థముననే ప్రయుక్తమైనది. అప్పటికే లాక్షణికార్థము రూఢమైనది. ప్లినీ యిచ్చినది దానికి పిదప కూర్చిన వ్యుత్పత్తి.

ఇచట తులనాత్మక భాషాశాస్త్రము తోడ్పడుచున్నది. ‘లిరా’కు మూలమైన ధాతువున కర్థము జాడ. జర్మను భాషలో బండిచక్రముల జాడను దెలుపు ‘గెలైజె’ ఆ ధాతువునుండి పుట్టినదే. నేర్చుట యను నర్థముగల ఆంగ్లక్రియ ‘లర్న్’ కూడ దాని సంతతిలోనిదే. జాడ ననుసరించుట యను భావము నేర్చుటగా పరిణమించినది. జాడనుండి తొలగుట యను భావము ఉన్మాదముగా పరిణమించినది.

కాగా నిఘంటుకారులు చెప్పిన ‘చాలు’ రోమక కర్షకుని వాడుకకు సరిపడకున్నను, ‘తప్పుట’ యను భావము ధాతువునకు సరిపడుచున్నది. పదముయొక్క మూలార్థము వేరు, ఒక కాలమున పొలమందు దానికి గల యర్థము వేరు. ఈ భేదమును పాటింపనిచో శబ్దచరిత్ర కేవలము కథయై పోవును.