పింజారి నాజర్ సాబ్, పల్నాటి ఖిస్సా

"పింజారీ" అనేది తెలుగులో ఒక తిట్టు. గుస్సా వస్తే ఎవరి మీదికైనా విసిరేస్తారు. విసిరేవాళ్లలో చాలామందికి అదొక బిరాదరీ పేరని తెలీదు. దూది ఏకి, పరుపులు, రజాయిలు కుట్టి బతికిన దూదేకుల గరీబుల పేరు అది. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ ఆత్మకథ పేరు కూడా అదే: "పింజారి". జమానా తిట్టుగా వాడిన లఫ్జ్‌ని ఆయన ఇజ్జత్‌తో అట్ట మీదికి ఎక్కించాడు.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. ఇంట్లో గరీబీ, గొంతులో మాత్రం ఖజానా. బడి నాటకంలో ద్రోణుడి వేషం వేసిన పిల్లాడి గొంతు విని, ఖాదర్ అనే హార్మోనిస్టు ముచ్చటపడ్డాడు. అమ్మానాన్నల్ని ఒప్పించి, నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర సంగీతానికి పెట్టాడు. అంటే ఈ ఫన్‌కారు గొంతు సానపట్టుకున్నది మన పల్నాడులోనే. సంగీతం కడుపు నింపదు కదా, దర్జీ పని కూడా చేశాడు.

తర్వాత ప్రజానాట్యమండలి ఆయన్ని బుర్రకథలోకి తెచ్చింది. బుర్రకథ అంటే ముగ్గురి ఆట. నడుమ తంబురా పట్టుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని కథకుడు. ఇరుపక్కలా గుమ్మెటలు వాయించే వంతలు. ఒకరు రాజకీయం మాట్లాడితే, ఇంకొకరు హసీ మజాక్ చేస్తారు. "తందాన తాన" మధ్య ఆ హాస్యగాడు అడ్డు తగిలి, జనం గుండెల్లో ఉన్న సవాలే అడుగుతాడు. రాజుల కథ నడుస్తుండగానే ఊళ్లో కరువు గురించో, జమీందారు జులుం గురించో ఓ మాట పడుతుంది. జనం పకపకా నవ్వుతారు, నవ్వాక సోచాయిస్తారు. అందుకే హుకూమత్‌లకు ఈ ఆటంటే దడ. మద్రాసు ప్రెసిడెన్సీలో అంగ్రేజు సర్కారు, హైదరాబాదులో నిజాం సర్కారు, రెండూ బుర్రకథను నిషేధించాయి.

1943 నాటి బెంగాల్ కరువును నాజర్ కథ కట్టి పాడాడు. అల్లూరి సీతారామరాజును పాడాడు, బొబ్బిలి యుద్ధాన్ని పాడాడు. ఇక ఆయన "పల్నాటి యుద్ధం" సంగతి మనకు మరీ దగ్గరిది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. ఇద్దరూ ఒకే ఖాందాన్ వాళ్లు. కోడిపందెంతో ముదిరిన పగ చివరికి కారంపూడిలో నాగులేటి ఒడ్డున నెత్తురు పారించింది. ఆ దాస్తాన్‌లోనే బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది: కులం అడగకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చునే మనకు ఆ మాట ఎవరూ తర్జుమా చేసి చెప్పనక్కర్లేదు. చాపకూడు కథను ఒక పింజారి బిడ్డ గొంతెత్తి పాడుతుంటే, దాని మతలబు రెట్టింపు అవుతుంది.

ఢిల్లీ చివరి దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో కన్నుమూశారు. ఆయన కళ ఆయనతోనే మూగబోయిందని ఉర్దూవాళ్లు చాలాకాలం దుఃఖపడ్డారు. ఆ తర్వాత పదిహేనేళ్లు దాటీ దాటకముందే, ఇక్కడ తెలుగు జబాన్‌లో ఒక ముసల్మాన్ దాస్తాన్ చెప్పి వేలమందిని తెల్లవార్లూ కూర్చోబెట్టాడు. ఆ సంగతి మన ఇళ్లలో ఎందుకు చెప్పుకోం?

జవాబు కొంచెం చేదుగానే ఉంటుంది. ఒకటి, గానా బజానా మీద మనకున్న చిన్నచూపు. రెండు, ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల వాళ్లను "వీళ్లు సగం ముసల్మాన్లు" అని ఉర్దూ ఇళ్లు పక్కన పెట్టడం. బయటివాళ్లు పింజారీ అని తిడితే మనకు బాధ. మరి పెళ్లి సంబంధాల దగ్గర అదే మాటను మనం ఎంత నెమ్మదిగా అంటాం?

సర్కారు 1986లో నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22న ఆయన ఇంతఖాల్ అయ్యారు. "పుట్టిల్లు" సినిమాలో ఆయన బుర్రకథ ఉంది, దొరికితే పిల్లలకు చూపించండి. "పింజారి" కితాబు దొరికితే ఇంట్లో పెద్దలే గట్టిగా చదివి వినిపించండి. మన పిల్లలకు ఆ లఫ్జ్ మొదటిసారి తిట్టుగా కాదు, ఒక ఫన్‌కారు పేరుగా వినపడాలి.