కూలింగ్ టవర్: ఆకృతి, చరిత్ర

థర్మల్ కేంద్రంలో కండెన్సర్ నుంచి వేడెక్కి వచ్చే నీటిని చల్లార్చి తిరిగి వాడకానికి పంపే కట్టడమే కూలింగ్ టవర్. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారికి ఇది ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం (ఆర్టీపీపీ) వల్ల పరిచయం. నడుము సన్నగా ఉన్న ఆ టవర్ల నుంచి లేచే తెల్లటి మేఘం నీటి ఆవిరే. పొగ పోయేది చిమ్నీల్లోంచి.

ఆర్టీపీపీ 1994లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలై 1,650 మెగావాట్లకు పెరిగింది. నీళ్లు పెన్నా మీది మైలవరం జలాశయానివి. విజయవాడ థర్మల్‌లోని పాత యూనిట్లు కృష్ణ నీటిని వాడుకుని తిరిగి నదిలోకే వదులుతాయి. పెన్నాలో అంత ప్రవాహం ఉండదు కాబట్టి ఇక్కడ ఉన్న నీళ్లనే తిప్పి తిప్పి వాడాలి.

టవర్ లోపల వేడినీళ్లను పైనుంచి చిమ్ముతారు. అవి ఫిల్ పలకల మీద పలచగా పరుచుకుని జారుతుంటే, అడుగున ఏటవాలు స్తంభాల సందుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. కొంత నీరు ఆవిరవుతూ మిగతా నీటి వేడిని లాక్కుపోతుంది. వేసవిలో మట్టికుండ చేసే పనీ ఇదే. వేడెక్కి తేమ పట్టిన గాలి తేలికై, ఫ్యాన్ల అవసరం లేకుండానే పైకి పోతుంది. సీమ ఎండల్లో పొడిగాలి ఆవిరికి మేలు చేసినా, లోపలి గాలికీ బయటి గాలికీ బరువులో తేడా తగ్గి ఈడ్పు మందగిస్తుంది.

తొలినాళ్ల టవర్లలో చాలావాటిని చెక్కతో కట్టేవారు. డచ్ ఇంజనీర్లు ఫ్రెడరిక్ వాన్ ఇటర్సన్, గెరార్డ్ కైపర్స్ రూపొందించిన హైపర్‌బొలాయిడ్ కాంక్రీటు టవర్ 1918లో నెదర్లాండ్స్‌లోని ఎమ్మా బొగ్గు గని వద్ద లేచింది. చూపుకి వంపుగా కనిపించే ఈ ఉపరితలమంతా నిజానికి తిన్నని గీతల అల్లిక. అందువల్ల సెంట్రింగుకు తిన్నని పలకలు సరిపోతాయి. రెండు దిశల్లో ఎదురెదురుగా ఉన్న వంపు పలచటి గోడకు బిగువు ఇస్తుంది. వెడల్పాటి అడుగుభాగంలో ఫిల్‌కు చోటు దొరుకుతుంది.

ఆ బిగువుకూ హద్దుంది. 1965 నవంబరు 1న ఇంగ్లండ్‌లోని ఫెర్రీబ్రిడ్జ్‌లో ఈదురుగాలికి ఎనిమిది టవర్లలో మూడు కూలిపోయాయి. ఒకదాని పక్కన ఒకటి నిలిచిన టవర్ల మధ్య గాలి తాకిడి ఎంత పెరుగుతుందో డిజైన్‌లో సరిగా లెక్కించలేదు. ఆ తర్వాత గాలి లెక్కలు కఠినమయ్యాయి. ఎత్తు మాత్రం ఆగలేదు. రాజస్థాన్‌లోని కాళీసింధ్ కేంద్రంలో టవర్లు 202 మీటర్లకు చేరాయి.

తెలంగాణలోని పాల్వంచలో కాలం చెల్లిన కొత్తగూడెం థర్మల్ పాత టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలతో కూల్చేశారు.