కంటి వైద్యానికి బీమా

భారతదేశంలో కంటికంటూ వేరే బీమా తీసుకునే అలవాటు దాదాపు లేదు. కంటి ఖర్చులు మామూలు ఆరోగ్య బీమా పాలసీలోనే ఒక భాగంగా ఉంటాయి. ఆ పాలసీ కంటికి వచ్చిన జబ్బుకు డబ్బిస్తుంది, సైటుకు ఇవ్వదు. క్లెయిమ్ తిరస్కరించారని బాధపడే చాలామందికి ఈ గీత ఎక్కడుందో పాలసీ కొన్ననాడు ఎవరూ చెప్పి ఉండరు.

కంటి పరీక్ష ఫీజు, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు ఔట్‌పేషెంట్ ఖర్చుల కిందికి వస్తాయి. ఓపీ సదుపాయం చేర్చిన పాలసీలు, కొన్ని కంపెనీలు తమ ఉద్యోగులకు తీసుకునే గ్రూప్ పాలసీలు మాత్రమే ఏటా కొంత మొత్తం వరకు వీటిని భరిస్తాయి. సైటు తీసేసే లేజర్ చికిత్సకు మరో మెలిక ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో, 7.5 డయాప్టర్ల కన్నా తక్కువ దృష్టిదోషాన్ని సరిచేసే చికిత్స ఒకటి. అందుకే పెళ్లిచూపులకు ముందో, పోలీసు ఉద్యోగానికి వైద్య పరీక్షల ముందో కళ్లజోడు వదిలించుకోవాలనుకునే వారిలో అత్యధికులు లేజర్ ఖర్చంతా సొంతంగా పెట్టుకోవాల్సి వస్తుంది.

శుక్లం ఆపరేషన్

కంటి క్లెయిముల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువ తగువులకు కారణమూ ఇదే. ఆసుపత్రిలో కనీసం 24 గంటలు ఉంటేనే క్లెయిమ్ చెల్లుతుందన్న పాత నియమం దీనికి అడ్డు రాదు. చిన్న కోతతో శుక్లాన్ని తీసే ఫేకో పద్ధతిలో ఉదయం వెళ్లినవారు సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు కాబట్టి దీన్ని డేకేర్ చికిత్సగా లెక్కిస్తారు. అసలు అడ్డంకులు వేరే ఉన్నాయి.

మొదటిది వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ కొన్నాక క్లెయిమ్‌కు ఆగాల్సిన గడువు. చాలా పాలసీల్లో శుక్లానికి ఇది 24 నెలలు. 2024 నిబంధనల ప్రకారం 36 నెలలకు మించి పెట్టకూడదు. డాక్టరు ‘పొర వచ్చింది’ అన్నాక పాలసీ కొంటే ఆ ఆపరేషన్‌కు అది పనికిరాదు. అమ్మానాన్నల పేరిట పాలసీ కట్టదలిచినవారు వాళ్ల చూపు బాగున్నప్పుడే కట్టడం మేలు. మరో కంపెనీకి మారదలిస్తే పాత పాలసీ ముగియకముందే పోర్టింగ్ చేసుకోవాలి, అప్పుడు గడిచిన నెలలు లెక్కలోకి వస్తాయి. ఉద్యోగుల గ్రూప్ పాలసీల్లో తరచుగా ఈ నిరీక్షణ ఉండదు.

రెండోది పరిమితి. పాలసీ మొత్తం 5 లక్షలైనా శుక్లానికి ఇచ్చేది వేలల్లోనే ఉండవచ్చు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆరోగ్య సంజీవని’ ప్రామాణిక పాలసీలో ఒక్కో కంటికి, ఒక్కో పాలసీ సంవత్సరంలో, బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది వర్తిస్తుంది. దాని పైన 5 శాతం వాటా పాలసీదారు భరించాలి. 3 లక్షల పాలసీ ఉన్నవారికి ఒక కంటి ఆపరేషన్‌కు 62,000 రూపాయల బిల్లు అయిందనుకుందాం. 25 శాతం అంటే 75,000 కదా అనిపిస్తుంది, కానీ 40,000 దగ్గరే గీత పడుతుంది. అందులోనూ 2,000 తగ్గి 38,000 చేతికొస్తుంది. మిగిలిన 24,000 ఇంటి డబ్బే.

ఇక లెన్స్. కంట్లో అమర్చే కృత్రిమ లెన్సుల్లో దూరం చూపును సరిచేసే మోనోఫోకల్ రకమే చౌక. దూరం, దగ్గర రెండూ కనిపించేలా చేసే మల్టీఫోకల్, సిలిండర్ పవర్‌ను సరిచేసే టోరిక్ రకాల ధర చాలా ఎక్కువ. అవి వైద్య అవసరం కాదు, సౌకర్యం అంటూ తేడా డబ్బును బీమా సంస్థలు తరచుగా కోసేస్తాయి. ఆసుపత్రి కౌన్సెలర్ లెన్సుల పట్టిక ముందు పెట్టి ‘ఇన్సూరెన్స్ ఉంది కదా’ అన్నప్పుడు, ఏ లెన్స్‌కు ఎంత మంజూరవుతుందో కాగితం మీద తేల్చుకున్నాకే సంతకం చేయాలి. లెన్స్ డబ్బా మీది స్టిక్కర్, లెన్స్ బిల్లు భద్రపరచాలి. క్లెయిమ్‌లో వాటిని అడుగుతారు. కేస్‌షీట్‌లో ‘ఎన్నాళ్లుగా మసక’ అన్న చోట ఏం రాశారో కూడా చూసుకోవాలి. పాలసీ కొనకముందు నుంచే సమస్య ఉందా అని కంపెనీ వెతికేది అక్కడే.

నగదురహిత చికిత్సకు అభ్యర్థన అందిన గంటలోగా నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి అనుమతి 3 గంటల్లో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆదేశించింది.

రెటీనా, షుగర్

షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు పదేపదే అవసరమవుతాయి. ఇది ఓపీ పని అంటూ చెల్లించకపోవడం ఒకప్పుడు ఎక్కువగా ఉండేది. 2019లో ఐఆర్‌డీఏఐ ఈ ఇంజెక్షన్లను ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చి, పూర్తిగా మినహాయించకూడదంది. పరిమితి పెట్టుకోవచ్చు, ఆరోగ్య సంజీవనిలో అది బీమా మొత్తంలో సగం. ప్రపోజల్ ఫారంలో షుగర్ సంగతి దాచినవారికి ఇక్కడే పెద్ద దెబ్బ తగులుతుంది. చెప్పినవారికి, ముందే ఉన్న జబ్బుకు నిరీక్షణ గరిష్ఠంగా 36 నెలలే. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, సమాచారం చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు.

ప్రభుత్వ పథకాలు

పేద కుటుంబాల శుక్లం ఆపరేషన్లు చాలావరకు బీమాతో పనిలేకుండానే, 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఉచితంగా జరుగుతున్నాయి. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా డబ్బు చెల్లించలేనివారికి ఉచితంగా చికిత్స చేస్తుంది. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో శుక్లం ఆపరేషన్ ఉంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల వరకు ఈ పథకం వర్తిస్తోంది. ప్రైవేటు పాలసీ ఉన్నా దీనికి అర్హత పోదు. బీమా వదిలేసిన కళ్లజోళ్ల ఖాళీని తెలుగు రాష్ట్రాల్లో పూరించింది ‘కంటి వెలుగు’ శిబిరాలే. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో ఇవి మొదలయ్యాయి. ఊళ్లలోనే పరీక్ష చేసి అద్దాలు చేతికివ్వడం వల్ల మేలు పొందిన ముసలివాళ్లు ఎందరో.

ఇక విదేశ ప్రయాణం సంగతి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు తీసుకునే సందర్శకుల బీమా సాధారణంగా కంటి పరీక్షలకు, కళ్లజోడుకు, ముందే ఉన్న శుక్లానికి వర్తించదు. ఆపరేషన్ అవసరమైతే బయలుదేరకముందే చేయించుకోవడం మంచిది.

ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీల్లో క్లెయిమ్ తిరస్కరించినా, కోత పెట్టినా పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా అడిగే హక్కు ఉంది. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల వారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.