పగిలిన అద్దమునకు జవాబుదారి

పురానీ హవేలీ చెంత నగర పోలీసు కమిషనరు పాత కార్యాలయము నేటికిని నిలిచియున్నది. అధికారపీఠము మూసీ దాటి బషీర్‌బాగునకు పోయి, అటుపిమ్మట 2022 ఆగస్టులో బంజారాహిల్సున ప్రారంభమైన మహాసౌధమునకు చేరినది. నాటి నగర రక్షణాధికారులైన కొత్వాలుల వైభవమును, ఊరేగింపుల బందోబస్తులను, రాజోద్యోగుల బిరుదములను వర్ణించినవారు పెక్కురు గలరు. కాని, తన సొత్తునకు చేటు కలిగిన సామాన్య గృహస్థుడు ఆ గడప తొక్కినపుడు అతనికి దక్కినదేమి యని విచారించినవారు అరుదు. రాత్రి వీధిలో నిలిపిన కారు తెల్లవారునప్పటికి అద్దములు పగిలి, తలుపులపై గీతలు పడి కనబడుట పాతబస్తీ గల్లీలలో వింత గాని కాలమిది. ఇట్టి వేళ ఆ ప్రశ్నను చరిత్రమునందు వెదకుట వ్యర్థము కాదని నా నమ్మకము.

మన పూర్వుల ధర్మశాస్త్రము ఈ విషయమున నిర్మొగమాటముగ పలికినది. దొంగలు హరించిన ద్రవ్యమును రాజు వెదకి తెప్పించి ప్రజకు ఈయవలెననియు, ఈయనిచో ఆ పాపము రాజునకే తగులుననియు యాజ్ఞవల్క్య స్మృతి శాసించినది. కళ్యాణపుర చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు దానికి మితాక్షరయను వ్యాఖ్య రచింపగా, 13వ శతాబ్దిలో తిక్కన మన్ననకు పాత్రుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో వెలయించెను. ప్రజలనుండి పన్ను గొనువాడు ప్రజల సొత్తునకు జవాబుదారి యను భావము ఈ విధముగ తెలుగునాటికి అన్యము గాక, తెలుగు పద్యముల వెంటనే మన ఊళ్లలో అడుగుపెట్టినది. తీరాంధ్రమున కావలికాండ్ర వ్యవస్థ యీ సూత్రముమీదనే నడచినది: ఊరివారు కావలి రుసుము చెల్లింతురు, సొమ్ము పోయిన యెడల కావలివాడు దొంగనైన చూపవలెను, నష్టమునైన పూరింపవలెను.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారును నడుమ నిలిపి నగరమును నిర్మించునాటికి ఉత్తరాదిన కొత్వాలు పదవి సుప్రతిష్ఠితమై యుండెను. అక్బరు కొలువున అబుల్ ఫజల్ రచించిన ఐనె అక్బరీలో కొత్వాలు విధులు విపులముగ గలవు: వాడవాడకు ఒక పెద్దను నియమించుట, రాకపోకలను కనిపెట్టుట, తూనికలు కొలతలు సరిచూచుట; వానితోపాటు దొంగను, దొంగసొమ్మును పట్టియియ్యవలెను, లేనిచో ఆ నష్టమునకు తానే బాధ్యుడు కావలెను. ఇంటింట ఊడ్చి శుభ్రపరచు పాకీవారినుండి కొత్వాలు వార్తలు సేకరించెడివాడని ఇటలీ యాత్రికుడు మనూచీ వ్రాసెను. పేదపనివారిని వేగులుగ వాడుకొనుట ప్రశంసార్హము కాదు. అయినను ఏ గల్లీలో ఏ కుర్రవాడు రాత్రి తిరుగుచున్నాడో ఆ కొత్వాలునకు తెలిసియుండెను.

ఆ కాలము స్వర్ణయుగమని నేననను. 1666లో సూరతు రేవున దిగి, తరువాత గోలకొండ మీదుగ మచిలీపట్నము వరకు పయనించిన థెవెనో యను ఫ్రెంచి యాత్రికుడు సూరతున జరిగిన ఒక ఉదంతమును చెప్పినాడు. ఒక ఆర్మీనియా వర్తకుని యింట పెద్దమొత్తము బంగారు నాణెములు పోయినవి. చట్టము ప్రకారము కొత్వాలు ఇచ్చుకొనవలెను. వర్తకుడు పట్టువిడువక నవాబును ఆశ్రయించెను. అంతట కొత్వాలు, నష్టపరిహారము చెల్లించుటకు తాను సిద్ధమే గాని, సొమ్ము నిజముగ పోయినదో లేదో తెలిసికొనుటకు ముందుగ వర్తకునే హింసించి ప్రశ్నించుటకు అనుమతి యొసగుమని నవాబును వేడెను. ఆ మాట చెవినబడిన మరుక్షణమే వర్తకుడు తన సొమ్మునకు నీళ్లు వదలుకొనెను. ఫిర్యాదు చేసినవానినే నిలదీసి పంపివేయు విద్య మన కాలమున పుట్టినది కాదని తెలుపుటకే యీ కథను ఎత్తినాను. అయినను భేదమొకటి గలదు. ఆ కొత్వాలు తప్పించుకొనుటకు అంత యెత్తు ఎత్తవలసివచ్చెననగా, తప్పించుకొనవలసిన బాధ్యత యొకటి అతని మెడను వ్రేలాడుచుండెనన్నమాట.

ఆసఫ్‌జాహీల కాలమున నగర కొత్వాలు ప్రధానామాత్యునితో సమానముగ భయభక్తులకు పాత్రుడైన అధికారి. మన పెద్దలు నేటికిని తలచుకొను కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి సీమలో 1869లో జన్మించి, అమీను పదవితో జీవితము నారంభించి, 1920లో నగర కొత్వాలై, 1934 వరకు ఆ పదవిని నిర్వహించిన ఆయన రెడ్డి హాస్టలు స్థాపకుడుగ తెలుగువారికి మరింత ఆత్మీయుడు. ప్రభువునకు నగరవార్తలు ఎప్పటికప్పుడు నివేదించుట కొత్వాలు విధి. ఊరిలో జరిగినది తనకు తెలియదనుట ఆ పదవికి కళంకము. ఆ పాలనలో ప్రజకు హక్కు లేదు, పత్రికకు స్వేచ్ఛ లేదు, ప్రభువు కోపమునకు అప్పీలు లేదు. దానిని మరల కోరుకొనువాడను గాను. కాని పై అధికారికి నిత్యము లెక్క అప్పగింపవలసిన నియమము మాత్రము అందుండెను.

ఆ కాలపు చట్టమొకటి మాత్రము నేటికిని బ్రతికియున్నది. 1348 ఫసలీ సంవత్సరపు, అనగా 1938-39 నాటి, హైదరాబాదు నగర పోలీసు చట్టమును ఉదహరించుచునే ఊరేగింపులపైనను, సభలపైనను నేటి కమిషనరు ఉత్తరువులు జారీ యగుచున్నవి. నిషేధించు అధికారము నిజాము చట్టమునుండి మనకు చెక్కుచెదరక సంక్రమించినది. పాత స్మృతులు చెప్పిన పూరించు బాధ్యత మాత్రము దారిలోనే జారిపోయినది.

అది యెక్కడ జారినదో చెప్పుటకు ముందు కారును గూర్చి కొంత చెప్పవలెను. పాతబస్తీకి కారు మొదట అమీరుల వెంట వచ్చినది. 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ యొకటి చౌమహల్లా ప్రాసాదమున నేటికిని ప్రదర్శనయందున్నది. ఉత్సవములకు మాత్రమే కదలిన ఆ వాహనము కొలది వందల మైళ్లకు మించి నడవలేదని ప్రసిద్ధి. అట్టి కారులు దేవిడీ గోడల లోపల, నౌబత్‌ఖానా తలుపు వెనుక, అరబ్బు జవానుల పహరాలో నిద్రించెడివి. వానిపై రాయి విసరు ధైర్యము ఎవనికుండును? కాలక్రమమున దేవిడీలు పంపకములై, ముక్కలై, కూలిపోయినవి. సాలార్‌జంగుల దివాన్ దేవిడీకి మిగిలినవి తోరణద్వారములు మాత్రమే. లోపలి ఆవరణమంతయు దుకాణముల సముదాయమైనది. కారు అమీరునుండి ఉద్యోగికిని, ఉద్యోగినుండి చిన్న వర్తకునికిని దిగివచ్చినది. గౌలిపుర, లాల్‌దర్వాజా, శాలిబండ, యాకుత్‌పుర గల్లీలలో అరవై గజముల స్థలమున మూడంతస్తులు లేపుకొన్న గృహస్థునకు కారుండును గాని కారుకు ఇల్లుండదు. వీధియే దాని కొట్టము, దీపస్తంభమే దాని కావలి.

ఇక చట్టము. 1860లో మెకాలే ముసాయిదానుండి వెలువడిన భారత శిక్షాస్మృతి పరుల సొత్తును చెరచుటను 425వ సెక్షనున నిర్వచించి, నష్టము 50 రూపాయలు చేరినచో 427వ సెక్షను క్రింద రెండేండ్ల వరకు శిక్ష విధించినది. ఆసఫ్‌జాహీల చట్టములు అంతరించి, 1951 ఏప్రిల్ 1వ తేదీన ఈ స్మృతి హైదరాబాదు రాజ్యమునకు విస్తరించినది. శిక్ష ఉన్నదిగదా యని సంతోషింపరాదు. ఆ నేరము పోలీసులు తమంత విచారింపదగిన నేరముల పట్టికలో లేదు. మేజిస్ట్రేటు ఆజ్ఞ లేనిదే దర్యాప్తు చేయరాదు. ఠాణాలో ఒక పుస్తకమున వ్రాసికొని, ఫిర్యాదిని మేజిస్ట్రేటు వద్దకు పొమ్మనవలెను. కారు అద్దమును ఊడదీసి ఎత్తుకొనిపోయిన అది దొంగతనము, వెంటనే ఎఫ్ఐఆర్. అదే అద్దమును రాతితో పగులగొట్టి అచ్చటనే వదలిన పోలీసువానికి చేతులు కట్టివేసినట్లే. యజమానికి కలిగిన నష్టము రెండింటను ఒక్కటియే! 2013 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము లలితాకుమారి వ్యాజ్యమున ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి యని తీర్పు చెప్పినది గదా యని కొందరు వాదింతురు. ఆ తీర్పు పోలీసులు స్వయముగ పట్టదగిన నేరములకే గాని వీనికి వర్తింపదు.

మా ఎరుకలోని ఒక గృహస్థుడు చిట్టీ పాడిన సొమ్ముతో పాత ఆల్టో కారు కొనెను. ఒకనాటి ఉదయమున వెనుక ఎడమ తలుపు అద్దము బియ్యపునూకవలె పొడియై సీటుమీద పరచుకొనియుండెను. ప్రక్క అద్దము తీగెను పట్టుకొని వ్రేలాడుచుండెను. ముందు తలుపునుండి వెనుక తలుపు వరకు మేకుతో గీచిన గీత యొకటి ఒకే ఎత్తున, తడబాటు లేక సాగియుండెను. త్రాగి తూలినవాని పని కాదది. అదే గల్లీలో మరి కొన్ని బండ్లకును అదే గతి. అతడు ఠాణాకు పోగా రైటరు తల యెత్తి, “ఎవరి మీదనన్న అనుమానం ఉన్నదా అన్నా?” యని అడిగెను. “పేరు దెలిస్తే మీ దాక ఎందుకొస్త సార్?” అని యితడు. “సరే, దరఖాస్తు రాసియ్యి, చూస్తం.” తెల్లకాగితముపై వ్రాసియిచ్చిన దరఖాస్తునకు రసీదు అడుగగా, సాయంకాలము రమ్మనిరి. సాయంకాలము ఊరేగింపు బందోబస్తునకు అందరును పోయియుండిరి. మరి రెండుమారులు తిరిగిన పిమ్మట అతడు మానుకొనెను.

బీమా కలదుగదా యనవచ్చును. సమగ్ర పాలసీ దురుద్దేశముతో చేసిన నష్టమును కూడ భరించును. కాని ఠాణా కాగితము లేనిదే ఆ దారి సుగమము కాదు. మరియు క్లెయిము లేని సంవత్సరములకు 20 శాతమున ఆరంభమై 50 శాతము వరకు పెరుగు రాయితీ ఒక్క క్లెయిముతో పోవును. అందుచే మెకానిక్కు పదిహేను వేల చిల్లర లెక్కకట్టిన ఆ మరమ్మతును అతడు తన జేబునుండియే చేయించుకొనెను. ఏ పుస్తకమునను ఎక్కని ఇట్టి నష్టములు పాతబస్తీలో ఎన్నో! నేరము లెక్కలకు ఎక్కనిచోట నేరములు తక్కువని అధికారులు తలచుట సహజమే గాని, అది సత్యమునకు దూరము.

ప్రభుత్వపు బస్సుపై రాయి పడినచో కథ వేరు. ప్రభుత్వ ఆస్తుల రక్షణకు 1984లో ప్రత్యేకచట్టము వచ్చినది. అయిదేండ్ల వరకు కారాగారము. ప్రైవేటు ఆస్తుల గతియేమని సర్వోన్నత న్యాయస్థానమే పూనుకొని విచారించి, 2009 ఏప్రిలులో ఇచ్చిన తీర్పు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము పేరనే గ్రంథస్థమైనది. మూకలు చేసిన విధ్వంసమునకు పరిహారము నిర్ణయించుటకు హైకోర్టులు క్లెయిముల కమిషనరును నియమింపవచ్చునని అందు మార్గము చూపినారు. అది గొప్ప తీర్పే. అయితే అది వందలమంది చేసిన అల్లరికి. ముగ్గురు కుర్రవాండ్రు అర్ధరాత్రి చేసిన అల్లరి దాని దృష్టికి ఆనదు.

2024 జులై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత అమలునకు వచ్చి, 160 ఏండ్లకు పైగా కదలని ఆ 50 రూపాయల గీతను కదలించినది. 324వ సెక్షను ప్రకారము నష్టము 20 వేలు చేరినచో రెండేండ్లు, లక్ష రూపాయలు చేరినచో అయిదేండ్లు. పోలీసులు స్వయముగ చేపట్టునది ఆ లక్ష చేరినదానినే. ఖరీదైన కారుకు ముందరి అద్దము పగిలి, తలుపులు సొట్టపడిన లక్ష సులభముగ దాటును. పాత ఆల్టోకు కారంతయు కలిపినను దాటుట కష్టము. నష్టమును రూపాయలలో మాత్రమే తూచు చట్టము, ఆ రూపాయలు ఎవని ఇంటివో చూడకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. పదిహేను వేలు ఒకరికి విందు ఖర్చు, మరియొకరికి నెలజీతము.

ఠాణాలోనివారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. బోనాలు, బీబీకా ఆలం, గణేశ నిమజ్జనము, మిలాదు అన్నియు పాతబస్తీ రోడ్లమీదుగనే సాగును; ఒక్కొక్క దానికి దినములకొలది కాపు. అయినను గత దశాబ్దమున ఇవే గల్లీలను రాత్రివేళ చుట్టుముట్టి, ఇంటింటి ముందు బండ్ల కాగితములు తనిఖీ చేసి, లేనివానిని స్వాధీనము చేసికొనిన కార్డన్ సెర్చిలు అనేకములు జరిగినవి. జనము ఎక్కువగ గుమిగూడు దుకాణముల ముందు కెమెరాలు ఉండవలెనని 2013 నాటి ప్రజాభద్రతా చట్టము నిర్బంధించినది. బండి యెవరిదో తెలిసికొనుటకు ఇన్ని సాధనములున్నపుడు బండిని చెరచినది యెవరో తెలిసికొనుటకు అవి అక్కరకు రాకుండుట యేల?

న్యాయ సంహితతోపాటు అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షనున ఒక చిన్న క్రొత్తమాట చేరినది. పోలీసులు స్వయముగ చేపట్టరాని నేరముల ఫిర్యాదుల రోజువారీ నివేదికను ఠాణా అధికారి పదునైదు దినములకొకసారి మేజిస్ట్రేటునకు పంపవలెను. ప్రభువునకు లెక్క అప్పగించిన కొత్వాలు వలెనే నేటి ఠాణా అధికారి న్యాయాధికారికి లెక్క అప్పగింపవలసిన స్థానమిది. ఒకే గల్లీనుండి ఒకే పక్షమున అయిదు కారుల అద్దములు పగిలినట్లు ఆ నివేదికలో కనబడినచో, దర్యాప్తునకు ఆజ్ఞ యిచ్చు అధికారము మేజిస్ట్రేటునకు పూర్తిగ కలదు. దానికి కావలసినదెల్ల, రైటరు ఆ దరఖాస్తును బల్లమీది కట్టలో దోపక పుస్తకమున ఎక్కించుట, ఎక్కించిన సంఖ్యను వేసి ఫిర్యాదికి ప్రతిని యిచ్చుట, కమిషనరు కార్యాలయము పక్షమునకొకసారి ఆ నివేదికలు నిజముగ వెళ్లినవా యని అడుగుట.