కల్లు – ప్రాంతాలు, చెట్లు

కల్లు తాటి జాతికి చెందిన చెట్ల నుండి కారే తియ్యని రసం పులియగా తయారయ్యే పానీయం. ఇటలీలో బరోలో అనే ద్రాక్షసారాయానికి నెబియోలో ద్రాక్ష, కియాంతికి సాంజోవేసే ద్రాక్ష మూలం. అదే విధంగా తెలుగునాట కూడా కల్లు రుచి, దొరికే కాలం ఆ ప్రాంతంలో పెరిగే చెట్టును బట్టి మారుతాయి.

చెట్లు, ప్రాంతాలు

తాటి: మండపేట, అమలాపురం, రాజోలు తదితర గోదావరి డెల్టా ప్రాంతాలలో పొలంగట్లపైన, కాలువగట్లపైన తాటిచెట్లు పెరుగుతాయి. తాటిలో ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. రెండింటి పూగెలల నుండీ కల్లు తీస్తారు. చలికాలం చివరి నుండి వేసవి వరకు ఇది ఎక్కువగా లభిస్తుంది.

కొబ్బరి: విచ్చుకోని పూగెలను కట్టి, కొనను కోసి రసం తీస్తారు. ఇలా గీసిన గెలకు కాయలు రావు. అందువలన కొబ్బరికాయల వ్యాపారం ప్రధానమైన కోనసీమలో కొబ్బరిచెట్లు విస్తారంగా ఉన్నప్పటికీ కల్లుకు ఎక్కువగా తాటిచెట్టునే ఎన్నుకుంటారు.

ఈత: తెలంగాణలో తాటితో పాటు ఈతకల్లు కూడా ప్రసిద్ధి. ఇందులో పూగెలను కాక, ఆకుల మొదలు దగ్గర కాండాన్ని చెక్కి రసం తీస్తారు. ఇది ముఖ్యంగా చలికాలంలో లభిస్తుంది.

జీలుగు: తూర్పు కనుమలలోని గిరిజన ప్రాంతాలలో, ముఖ్యంగా రంపచోడవరం పరిసరాలలో జీలుగు కల్లు వాడుకలో ఉంది. ఈ చెట్టు పూత పైనుండి కిందికి వరుసగా వస్తుంది. పూత పూర్తయిన తరువాత చెట్టు చనిపోతుంది.

తయారీ

గీత కార్మికుడు మోకు, ముస్తాదు సహాయంతో చెట్టు ఎక్కి, పూగెల కొనను రోజూ పలుచగా గీసి కుండ కడతాడు. రసంలో సుమారు 10 నుండి 15 శాతం చక్కెర ఉంటుంది. గాలిలోను, కుండలోను ఉండే ఈస్టు, బాక్టీరియా వలన కొద్ది గంటలలోనే రసం పులవడం మొదలవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవడం ఆగుతుంది. అలా తీసిన తియ్యని రసమే నీరా. నీరాను కాచి తాటిబెల్లం తయారు చేస్తారు. కల్లును ఎక్కువ సేపు నిలువ ఉంచితే పుల్లబడి చివరకు వినెగర్‌గా మారుతుంది. ఈ కారణం చేతనే ద్రాక్షసారాయం వలె కల్లును ఏళ్ల తరబడి నిలువ ఉంచడం గాని, దూరప్రాంతాలకు పంపడం గాని సాధ్యం కాదు.

చరిత్ర

కల్లుగీత గోదావరి జిల్లాలలో శెట్టిబలిజ, తెలంగాణలో గౌడ, రాయలసీమలో ఈడిగ కులస్థుల సంప్రదాయ వృత్తి. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాలో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటా అమలయింది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రంలో కూడా అది కొనసాగడంతో గీత కార్మికులు ఉపాధి కోల్పోయారు. వారి తరపున గౌతు లచ్చన్న ఉద్యమించాడు. నిషేధాన్ని ఎత్తివేయాలని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. ఈ వివాదంపై 1954 నవంబరులో శాసనసభలో వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి, టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది.

కల్తీ సమస్య

చెట్లు తక్కువగా ఉండి గిరాకీ ఎక్కువగా ఉన్న పట్టణాలలో కల్తీ పెద్ద సమస్య. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన నీటినే కల్లుగా అమ్మడం జరుగుతోంది. దీనికి అలవాటుపడినవారు హఠాత్తుగా మానివేస్తే మతిభ్రమ, మూర్ఛ వంటి లక్షణాలు కనిపిస్తాయి. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

మరొకవైపు నీరా వినియోగాన్ని పెంచే ఉద్దేశంతో 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్‌ను ప్రారంభించింది. తాటి, ఈత చెట్లు తగ్గిపోవడం, చెట్టుపై నుండి జారిపడే ప్రమాదం, యువతరం ఈ వృత్తిలోకి రాకపోవడం వలన కల్లుగీత క్రమంగా తగ్గుతోంది.