మార్కాపురం సీమలో మూడు సంఘాలు

గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు మార్కాపురం రోడ్డు దాటాక తర్లుపాడు, కంభం, గిద్దలూరు మీదుగా సాగుతుంది. 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉన్న ఈ మెట్టసీమలో మూడు మిషన్లు పనిచేశాయి. మార్కాపురం, కంభం అమెరికన్ బాప్టిస్టులవి, గిద్దలూరు ఆంగ్లికన్లది, తర్లుపాడు లూథరన్లది. మిషనరీలు ఊళ్లు పంచుకున్నారని అంతటితో వదిలేస్తాం. కానీ సంఘాన్ని సంఘంగా నిలబెట్టేదేమిటన్న దగ్గరే వీళ్ల దారులు వేరయ్యాయి.

తానుగా విశ్వసించి, నీళ్లలో మునిగి బాప్తిస్మం పొందినవాళ్లే సంఘమని బాప్టిస్టులు అన్నారు. అపొస్తలుల నాటి నుంచి చేతులుంచుతూ వచ్చిన బిషప్పుల వరుస తెగకూడదని ఆంగ్లికన్లు పట్టుబట్టారు. లూథరన్లకు ఆధారం 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన. అందులోని 28 అధికరణాల్లో ఏడోదాని ప్రకారం, సువార్త శుద్ధంగా బోధించి, సంస్కారాలు సక్రమంగా ఇచ్చేచోట కూడిన విశ్వాసులే సంఘం. ఐక్యతకు అది చాలు, ఆచారాలన్నీ ఒకేలా ఉండనక్కర్లేదు.

మరి పాస్టరు ఎవరు? బాప్తిస్మం పొందిన ప్రతివారూ యాజకులేనని లూథర్ 1520లోనే రాశాడు. పాస్టరుకూ మిగతా విశ్వాసులకూ తేడా పనిలోనే ఉంది, పుట్టుకలో లేదు. అయితే ఎవరికి వారు బోధకులైపోవడానికీ వీల్లేదు. క్రమమైన పిలుపు లేనిదే బహిరంగంగా బోధించరాదని పద్నాలుగో అధికరణం కట్టడి చేసింది.

ఈ బోధతోనే లూథరన్ మిషనరీ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరి, తర్వాత పల్నాడులో గురజాలకు వెళ్లాడు. గుడి గడప తొక్కనివ్వని మాలపల్లెలకు, మాదిగపల్లెలకు యాజకత్వం పుట్టుకతో రాదన్న మాట ఎంత పెద్దదో ఆలోచించండి. ఆ పల్లెల్లో రోజువారీ సేవ మోసింది పాస్టరు కాదు, ఊళ్లోనే ఉండే ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరాలు, సాయంత్రం ప్రార్థన. బాప్తిస్మానికీ ప్రభువు బల్లకూ పాస్టరయ్య వచ్చేదాకా ఊరు కనిపెట్టుకుని ఉండేది. ఈ సీమ సంఘ చరిత్రలో అసలు నాయకుడు ఉపదేశేనని నా నమ్మకం.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అందులో చేరలేదు, 1975 దాకా ఆగారు. 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం చర్చలు జరిపింది గానీ విలీనం కాలేదు. పాస్టర్ల చదువు విషయంలో మాత్రం 1964లో బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్‌ఐ వాళ్లు రాజమండ్రిలో ఒకే వేదాంత కళాశాల కిందికి వచ్చారు.

మిషన్ చరిత్రల్లో ఎక్కువగా కనిపించేవి మిషనరీల పేర్లే. మీ ఊరి మందిరంలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉంటే చెదల పాలు కానివ్వకండి. అందులో మీ ఉపదేశి పేరు ఉందేమో చూసి, రాసి పెట్టండి.