దారుల్ తర్జుమా, అభిమానుల తర్జుమా

హైదరాబాదు తార్నాక దాపున, 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా పుట్టి, పిమ్మట పరభాషలను గూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన విద్యాస్థానమొకటి కలదు. అందు జపాను భాషయు, స్పానిషు భాషయు బోధింపబడుచున్నవి. ఆ రెండు భాషల నడుమ ఏ పండితుని ప్రమేయమును లేక బొమ్మల కథల అభిమానులు సాగించిన అనువాదోద్యమమును తలచినప్పుడెల్ల, పొరుగుననే యున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఒకప్పుడు అంగమై, రాజాజ్ఞచే నడచిన దారుల్ తర్జుమా యను అనువాదశాల నాకు స్ఫురించును.

ఉర్దూ బోధనాభాషగా ఆ విశ్వవిద్యాలయమును నెలకొల్పవలెనని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా వెలువరించెను. కాని రసాయనమునకుగాని, అర్థశాస్త్రమునకుగాని ఆ భాషలో పాఠ్యగ్రంథములు చాలినన్ని లేవు. కావున, పందిరి వేయకమునుపే గాడిపొయ్యి త్రవ్వినట్లు, 1919లో తరగతులు మొదలగుటకు రెండేండ్ల ముందే మౌల్వీ అబ్దుల్ హక్ ఆధిపత్యమున ఈ అనువాదశాల వెలసినది. 'ఉమ్రావ్ జాన్ అదా' కర్తయైన మీర్జా రుస్వా, గ్రే కవి శ్మశానగీతమును ఉర్దూ చేసిన నజ్మ్ తబాతబాయీ, పిదప నిజాము ఆగ్రహమునకు గురియై సంస్థానమును విడిచిన జోష్ మలీహాబాదీ మొదలగువారు ఇందు కొలువు చేసిరి. అనువాదకుడు వ్రాసి యిచ్చిన ప్రతి నేరుగా అచ్చునకు పోయెడిది కాదు. భాషాసౌష్ఠవమును చూచుటకు సాహిత్య పరిశీలకుడొకడు, మతమునకు విరుద్ధమైన వాక్యమేదైన దొరలినదేమోయని చూచుటకు ధర్మ పరిశీలకుడొకడు ఉండెడివారు. పారిభాషిక పదములకై శాస్త్రజ్ఞులును భాషావేత్తలును ఒకచోట కూర్చుండి వాదించుకొనెడివారు. మాక్మిలన్ కంపెనీవారి గ్రంథమును తర్జుమా చేసినచో, వారి యనుమతితోనే చేసితిమని పుస్తకముననే అచ్చొత్తించెడివారు. దొరతనపు పని అట్లుండును!

ఇక బొమ్మల కథల అభిమానులకు అనుమతియు లేదు, జీతమును లేదు. 1990లో కటలోనియా దూరదర్శనమున 'డ్రాగన్ బాల్' అను జపాను బొమ్మల కథ ప్రసారము కాగానే, బార్సిలోనాలోని సాంత్ ఆంతోని ఆదివారపు సంతలో ఆ చిత్రముల జెరాక్సు ప్రతులు చేతులు మారినవి. 1992లోగాని ప్లానెతా ప్రచురణ సంస్థ దానిని పుస్తకరూపమున తేలేదు. అంతర్జాలము వచ్చిన పిమ్మట, ఒకడు పుటలను స్కాను చేయగా, మరియొకడు, తరచుగా జపాను మూలమునుండి గాక ఆంగ్లానువాదమునుండియే, తెనిగించినట్లు స్పానిషు చేయగా, వేరొకడు బుడగలలోని జపాను లిపిని చెరిపి, ఇంకొకడు కొత్త యక్షరములను ఇముడ్చుచు, ముఠాలుగా కూడి పనిచేసిరి. పరిశీలకులు వీరికిని కలరు, ధర్మ పరిశీలకుడొక్కడు తక్క. వీరు చేసినది చట్టవిరుద్ధమే. మూలచిత్రకారునికి దీనివలన చిల్లిగవ్వ ముట్టలేదు. అయినను, పాఠకులు వేచియున్నారని ప్రచురణకర్తలకు చాటినవారు వీరే. 2019లో జపాను ప్రచురణకర్తలగు షూయేషా సంస్థ తన కథలను తానే స్పానిషులో, చాలవరకు ఉచితముగా, అంతర్జాలమున ప్రకటింప మొదలిడెను.

దారుల్ తర్జుమా పాఠకులు తరగతి గదులనుండి వచ్చినవారు. 1939లో ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలా భవనము ప్రారంభమైన పదేండ్లు తిరుగకమునుపే సంస్థానము భారతదేశమున కలియుటయు, క్రమముగా ఆంగ్లము బోధనాభాష యగుటయు జరుగగా, ఆ గ్రంథములకు విద్యార్థులు కరవైరి. ఆ పండితుల శ్రమను నేను తేలిక చేయను; వైద్యమును సైతము దేశభాషలో నేర్పుట సామాన్యమైన సాహసము కాదు. అయితే ఆ సంస్థానమున తక్కిన భాషలకంటె ఎక్కువమంది మాట్లాడినది తెలుగు. దానికి ఫర్మానా ఏదియు పుట్టలేదు.

తెలుగువారి ప్రయత్నము అంతకు పూర్వమే, 1906లో, ఈ హైదరాబాదుననే మొదలైనది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, శాస్త్రములను తెలుగున ప్రకటింప బూని, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రతో ఆరంభించి, కొలది యేండ్లకే చెన్నపట్టణమునకు తరలినది. ఆ పుస్తకములను చందాదారులు తమంతట తామే రొక్కము చెల్లించి తెప్పించుకొనిరి.